కరెంటు పోయి వచ్చాక సర్వర్ లేవలేదు: బూట్, కెర్నెల్ సెట్టింగులు ఎంతవరకు బిగించాలి?

ఆటోనగర్_అడ్మిన్:

నమస్కారం అందరికీ. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి. మంగళవారం రాత్రి నుంచి ఇదే టెన్షన్.

మాది పోర్టు సరుకు క్లియరెన్స్ చూసే చిన్న ఆఫీసు. విశాఖ గాజువాక ఆటోనగర్‌లో గోడౌన్ పక్క గదిలో రెండు లినక్స్ సర్వర్లున్నాయి. ఒకటి ఉబుంటు 22.04, దాంట్లో డేటాబేసు, డాకర్ (సాఫ్ట్‌వేర్‌ని విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపేది) మీద నడిచే సరుకు ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్. రెండోది ఆల్మాలినక్స్ 9, ఫైళ్లకీ బ్యాకప్‌కీ. నెట్ కనెక్షన్లు రెండు, వేరువేరు కంపెనీలవి, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని. రాత్రిపూట వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. నేనుండేది మధురవాడలో, అంటే ఊరికి ఆ చివర.

ఈ మధ్య ఒక విదేశీ క్లయింటు సెక్యూరిటీ ఆడిట్ అడిగాడు. బూట్‌లోడర్‌కి (సర్వర్ లేచేటప్పుడు సిస్టమ్‌ని లోడ్ చేసే ప్రోగ్రామ్) పాస్‌వర్డ్ ఉండాలి, కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) సెట్టింగులు సీఐఎస్ బెంచ్‌మార్క్ (సెక్యూరిటీ సెట్టింగుల ప్రామాణిక జాబితా) ప్రకారం ఉండాలి అని ఒక పట్టిక పంపాడు. నేను నెట్‌లో దొరికిన రెడీమేడ్ జాబితా తీసుకుని శనివారం సాయంత్రం ఉబుంటు సర్వర్ మీద మొత్తం పెట్టేశాను. గ్రబ్‌కి (మా బూట్‌లోడర్ అదే) పాస్‌వర్డ్, సిస్‌సీటీఎల్‌లో (కెర్నెల్ సెట్టింగులు మార్చే చోటు) నలభై దాకా లైన్లు. ఆ లైన్లు అమల్లోకి తెచ్చిన వెంటనే డాకర్‌లో ఉన్నవాటన్నిటికీ నెట్ పోయింది. డాకర్ సర్వీసు రీస్టార్ట్ చేస్తే వచ్చేసింది. ఎందుకు పోయిందో ఎందుకు వచ్చిందో తెలియలేదు, వచ్చింది కదా అని వదిలేశాను. సర్వర్‌ని మాత్రం రీబూట్ చెయ్యలేదు, లోడింగ్ జరుగుతోంది ఆపొద్దన్నారు.

మంగళవారం రాత్రి గాలీ వానా. కరెంటు పోయింది, యూపీఎస్ ముప్పావుగంట లాగి ఆగిపోయింది. మళ్లీ కరెంటు వచ్చేసరికి రాత్రి రెండు. ఆల్మా లేచింది, ఉబుంటు లేవలేదు. ఆరింటికి ఫోన్ వస్తే వానలోనే బండి తీసుకుని గాజువాక వెళ్లాను. మానిటర్ తగిలిస్తే నల్లటి స్క్రీన్ మీద యూజర్‌నేమ్ అడుగుతూ ఉంది. నాలుగు గంటలు అలాగే ఉందన్నమాట. పాస్‌వర్డ్ కొట్టాక లేచింది కానీ రెండో నెట్ లైన్ మీద బయటి నుంచి వచ్చే కనెక్షన్లేవీ కలవడం లేదు. శనివారం నుంచి మంగళవారం దాకా అవి బాగానే ఉన్నాయి! ఆ గాభరాలో సిస్‌సీటీఎల్ సెట్టింగులు మళ్లీ లోడ్ చేస్తే డాకర్ నెట్ మళ్లీ పోయింది.

ఇప్పుడు ఆ ఫైలే తీసేశాను. అయినా రెండో లైన్ ఇంకా పనిచెయ్యడం లేదు, అది కూడా అర్థం కావడం లేదు. ఆడిట్ నెలాఖర్లో ఉంది. గ్రబ్‌కి పాస్‌వర్డ్ పెడితే ప్రతి రీబూట్‌కీ మనిషి అక్కడ ఉండాల్సిందేనా? ఆ నలభై లైన్లలో నిజంగా అవసరమైనవేవి, మా సెటప్‌ని పడగొట్టేవేవి? సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ అవ్వనిచ్చే ఆప్షన్) ఆన్ చెయ్యాలని కూడా పట్టికలో ఉంది, అది ఆన్ చేస్తే ఇంకేం ఆగిపోతుందోనని చెయ్యి రావడం లేదు. ఆడిట్ కాగితం సంగతి పక్కన పెట్టి, సర్వర్ నిజంగా గట్టిపడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

సీతమ్మధార_యునిక్స్:

తమ్ముడూ, ముందు గ్రబ్ సంగతి చెప్తా, అది పది నిమిషాల పని. కమాండ్ల పేర్లు వినబడినట్టు రాస్తున్నా, టైప్ చేసేముందు మాన్యువల్ పేజీలో స్పెల్లింగ్ సరిచూసుకో.

గ్రబ్‌లో సూపర్‌యూజర్ అని ఒకరిని పెట్టగానే మెనూలో ఉన్న ప్రతి ఎంట్రీకీ తాళం పడుతుంది. మార్చడానికే కాదు, మామూలుగా బూట్ అవ్వడానికి కూడా. ఏ ఎంట్రీకి --అన్‌రెస్ట్రిక్టెడ్ అని ఉంటుందో అది మాత్రం ఎవరినీ అడక్కుండా లేస్తుంది, కానీ ఎవరైనా 'ఈ' నొక్కి కెర్నెల్ లైన్ మార్చబోయినా, 'సీ' నొక్కి కమాండ్ లైన్‌కి పోబోయినా పాస్‌వర్డ్ అడుగుతుంది. నీకు కావాల్సింది సరిగ్గా అదే. ఉబుంటులో గ్రబ్.డీ ఫోల్డర్‌లో 10_లినక్స్ అనే ఫైలుంటుంది, దాంట్లో క్లాస్ అని మొదలయ్యే లైన్ చివర --అన్‌రెస్ట్రిక్టెడ్ చేర్చి అప్‌డేట్-గ్రబ్ కొట్టు. తర్వాత తయారైన గ్రబ్.సీఎఫ్‌జీ తెరిచి మెనూ ఎంట్రీల్లో ఆ మాట పడిందో లేదో నీ కళ్లతో చూడు. గ్రబ్ ప్యాకేజీ అప్‌గ్రేడ్ అయిన ప్రతిసారీ ఇది మళ్లీ చూడాలి, ఎందుకంటే ఆ సమయంలో కొత్త ఫైలు పెట్టమంటావా అని అడిగినప్పుడు ఎవరైనా సరే అంటే నువ్వు చేర్చిన మాట ఎగిరిపోతుంది, మళ్లీ ఒక వాన రాత్రి నీకు ఫోన్ వస్తుంది. ఆల్మాలో అయితే ఈ గొడవ లేదు, అక్కడ గ్రబ్2-సెట్‌పాస్‌వర్డ్ అనే కమాండ్ ఉంది, అది మార్పులకే తాళం వేస్తుంది, బూట్‌ని ఆపదు.

ఇంకోటి చాలామంది చూడరు. పాస్‌వర్డ్ హ్యాష్‌ని (పాస్‌వర్డ్‌ని గుర్తుపట్టకుండా మార్చిన రూపం) 40_కస్టమ్ ఫైల్లో పెట్టి ఉంటావు. ఆ ఫైలు మామూలుగా సర్వర్‌లో లాగిన్ ఉన్న అందరూ చదవగలిగేలా ఉంటుంది. పర్మిషన్ 700కి మార్చు. ఎగ్జిక్యూట్ మాత్రం తీసెయ్యకు, తీస్తే అప్‌డేట్-గ్రబ్ ఆ ఫైల్ని పట్టించుకోదు, పాస్‌వర్డే లేకుండా పోతుంది.

అసలు ఈ పాస్‌వర్డ్ ఎందుకో కూడా తెలియాలి. గది తాళం ఉన్నవాడు ఎవడైనా కీబోర్డ్ తగిలించి, రీబూట్ చేసి, కెర్నెల్ లైన్ చివర ఇనిట్=/బిన్/బాష్ అని చేరిస్తే రూట్ షెల్, అంటే అన్ని అధికారాలూ ఉన్న కమాండ్ లైన్, వస్తుంది. ఏ పాస్‌వర్డూ అడగదు. సిస్టమ్‌డీ (సర్వీసులన్నిటినీ లేపే ప్రోగ్రామ్) వాళ్లే డీబగ్ కోసం పెట్టిన ఇంకో మాట ఉంది, సిస్టమ్‌డీ.డీబగ్_షెల్ అని, అది చేరిస్తే తొమ్మిదో కన్సోల్ మీద రూట్ తెరుచుకుని ఉంటుంది. ఆల్మాలో ఆర్‌డీ.బ్రేక్ అంటే మధ్యలోనే షెల్ ఇస్తుంది. ఇవన్నీ పాడైన మెషీన్‌ని బాగుచేసుకోవడానికి ఉన్న దారులు, దొంగకీ అవే దారులు.

కానీ గ్రబ్ పాస్‌వర్డ్ ఒక్కటీ పెట్టి గుండె మీద చెయ్యేసుకుని పడుకోవద్దు. 2015 డిసెంబర్‌లో బయటపడింది చూడు, గ్రబ్ యూజర్‌నేమ్ అడిగే చోట బ్యాక్‌స్పేస్ 28 సార్లు నొక్కితే రెస్క్యూ షెల్‌లోకి పోయేది. ఆ లోపానికి ఇచ్చిన నంబర్ సీవీఈ-2015-8370. మరుసటి ఏడాది నవంబర్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ స్క్రిప్ట్‌లో ఇంకోటి, పాస్‌వర్డ్ అడిగే చోట ఎంటర్ బటన్ 70 సెకన్ల పాటు నొక్కి పట్టుకుంటే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (అసలు డిస్క్ తెరుచుకోకముందు నడిచే చిన్న సిస్టమ్) రూట్ షెల్ వచ్చేది. రెండూ ఎప్పుడో సరిచేశారు, కానీ తాళం అన్నాక దాని అప్‌డేట్లు కూడా ఉంటాయి, అవి పడుతున్నాయో లేదో చూసుకోవాలి. బయోస్‌లో (మదర్‌బోర్డ్ సెట్టింగులుండే చోటు) అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టు, పెన్‌డ్రైవ్ నుంచీ నెట్‌వర్క్ నుంచీ బూట్ అవ్వడం ఆపెయ్, ఆ గదికి మంచి తాళం వెయ్యి. పెన్‌డ్రైవ్‌తో బూట్ అయితే గ్రబ్ పాస్‌వర్డ్‌తో వాడికి పనే లేదు.

హుద్‌హుద్ అప్పుడు, 2014 అక్టోబర్ 12, నేను సిరిపురంలో ఒక ఆఫీసుకి సర్వర్లు చూసేవాడిని. రోజుల తరబడి కరెంటు లేదు, వచ్చాక కూడా వస్తూ పోతూ ఉండేది, రోడ్ల మీద చెట్లు పడి ఆఫీసుకి చేరడమే కష్టం. నడుచుకుంటూ వెళ్లి చూస్తే నాలుగింట్లో రెండు వాటంతటవే లేచి పనిచేస్తున్నాయి, రెండు ఏదో ఒక ప్రశ్న అడుగుతూ కీబోర్డ్ కోసం ఆగి ఉన్నాయి. అప్పట్నుంచీ నేను ఏ సెట్టింగ్ పెట్టినా, తీగ లాగి పెట్టి మనిషి ముట్టుకోకుండా లేస్తుందా అని ముందు చూస్తాను. మన ఊళ్లో అక్టోబరూ నవంబరూ తుపాను నెలలు, అది మర్చిపోయి సర్వర్ పెట్టకూడదు.

ఉక్కునగరం_కెర్నెల్:

సిస్‌సీటీఎల్ భాగం నేను చెప్తాను. మీరు చెప్పిన మూడు వింతలకీ కారణాలు ఉన్నాయండీ, ఏదీ దెయ్యం కాదు.

డాకర్ సంగతి. జాబితాలో ఐపీ_ఫార్వర్డ్ = 0 ఉండే ఉంటుంది, అంటే ఒక నెట్‌వర్క్ కార్డ్ మీద వచ్చిన ప్యాకెట్లని ఇంకోదాని మీదకి పంపొద్దని. రూటర్ కాని సర్వర్‌కి అది మంచి సలహానే, కానీ డాకర్ బ్రిడ్జ్ నెట్‌వర్క్ మొత్తం ఫార్వర్డింగ్ మీదే నడుస్తుంది. డాకర్ సర్వీసు మొదలయ్యేటప్పుడు అది 0గా ఉంటే తనే 1 చేసుకుంటుంది. అందుకే రీస్టార్ట్ చెయ్యగానే బాగైంది, మీరు ఫైళ్లు మళ్లీ లోడ్ చెయ్యగానే 0 అయి మళ్లీ పోయింది. డాకర్ ఉన్న మెషీన్‌లో దాన్ని 1గానే ఉంచండి, ఆడిట్ పట్టికలో పక్కన కారణం రాయండి, ఫైర్‌వాల్‌లో ఫార్వర్డ్ చైన్‌ని బిగించండి. కారణం రాసి పెట్టిన మినహాయింపుని ఆడిటర్లు ఒప్పుకుంటారు, నేను రెండుసార్లు అలాగే చేశాను.

రెండో నెట్ లైన్. అది ఆర్‌పీ_ఫిల్టర్. 1 పెడితే స్ట్రిక్ట్, అంటే ఒక ప్యాకెట్ ఏ కార్డ్ మీద వచ్చిందో దాని జవాబు కూడా రూటింగ్ టేబుల్ ప్రకారం అదే కార్డ్ మీద పోయేలా ఉంటేనే తీసుకుంటుంది, లేకపోతే చప్పుడు లేకుండా పారేస్తుంది. మీకు బయటికి పోయే డిఫాల్ట్ దారి మొదటి కంపెనీ మీద ఉంది, రెండో లైన్ మీద వచ్చేవన్నీ అక్కడే పోతున్నాయి. రెండు లైన్లు ఉన్నచోట 2, అంటే లూజ్, పెట్టాలి, లేకపోతే ఏ లైన్ మీద వచ్చినదాని జవాబు ఆ లైన్ మీదే పోయేలా పాలసీ రూటింగ్ రాసుకోవాలి. మరి శనివారం ఎందుకు పనిచేసింది? ఇక్కడ కెర్నెల్ 'ఆల్'లో ఉన్న విలువ, ఆ ఇంటర్‌ఫేస్‌లో ఉన్న విలువ రెండూ చూసి ఏది పెద్దదైతే అది వాడుతుంది. ఉబుంటు మామూలుగా 2 పెడుతుంది. మీరు ఆల్, డిఫాల్ట్ రెండూ 1 చేశారు, కానీ అప్పటికే లేచి ఉన్న కార్డ్‌కి పాత 2 అలాగే ఉండి ఉంటుంది. డిఫాల్ట్ అనేది ఆ తర్వాత పుట్టే ఇంటర్‌ఫేస్‌లకే వర్తిస్తుంది. రీబూట్ అయ్యాక కార్డ్‌కి కొత్త విలువ వచ్చింది, లైన్ పోయింది. నాలుగు రోజులు ఆగి బయటపడే తప్పులు ఇలాంటివే.

ఇక ఫైలు తీసేసినా ఎందుకు బాగుపడలేదంటే, ఫైలు తీసేస్తే కెర్నెల్‌లో ఉన్న విలువ వెనక్కి పోదు. మీరు చేత్తో మార్చాలి లేదా రీబూట్ కావాలి. ఇప్పుడే ఆర్‌పీ_ఫిల్టర్‌ని ఆల్‌లోనూ ఆ కార్డ్‌కీ 2 చెయ్యండి, లైన్ వచ్చేస్తుంది.

ఇప్పుడు మీ నలభై లైన్ల గురించి. ఇందులో చాలా వాటిని 22.04 ఎలాగూ పెట్టే ఉంచుతుంది. డీమెస్‌గ్ (కెర్నెల్ సందేశాలు) మామూలు యూజర్లకి కనబడకపోవడం, మామూలు యూజర్లు బీపీఎఫ్ ప్రోగ్రాములు (కెర్నెల్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాములు) లోడ్ చెయ్యలేకపోవడం, పీట్రేస్_స్కోప్ 1 (ఒక ప్రోగ్రామ్ ఇంకోదాని లోపలికి చూడకుండా), అడ్రస్ రాండమైజేషన్ 2 (మెమరీ చిరునామాలు ఊహించకుండా), సిమ్‌లింక్, హార్డ్‌లింక్ రక్షణ, ఇవన్నీ ఉన్నాయి. మీరు పెంచదగ్గవి కేపీటీఆర్_రెస్ట్రిక్ట్ (కెర్నెల్ చిరునామాలు దాచేది) 2 చెయ్యడం, బీపీఎఫ్_జిట్_హార్డెన్ (బీపీఎఫ్‌ని గట్టిపరిచేది) 2 చెయ్యడం, సూయిడ్_డంపబుల్ 0 (అధికారాలున్న ప్రోగ్రామ్ క్రాష్ అయితే దాని మెమరీ డంప్ రాయకుండా), ఐసీఎంపీ రీడైరెక్ట్‌లు తీసుకోకపోవడం, పంపకపోవడం. ఇవి పెట్టినా మీ సాఫ్ట్‌వేర్‌కి ఏమీ కాదు. సిస్‌ఆర్‌క్యూ (కీబోర్డ్ నుంచి నేరుగా కెర్నెల్‌కి ఇచ్చే ఆదేశాలు) ఉబుంటులో 176 ఉంటుంది, అంటే డిస్క్‌కి రాసెయ్యడం, రీడ్-ఓన్లీ చెయ్యడం, రీబూట్, ఈ మూడే. చాలా జాబితాలు దాన్ని 0 చెయ్యమంటాయి. నేను 176 ఉంచుతాను, మెషీన్ బిగుసుకుపోయినప్పుడు డేటాబేసు పాడవకుండా దించడానికి అదొక్కటే దారి.

టీసీపీ టైమ్‌స్టాంప్స్ ఆపమని ఉంటే ఆ లైన్ కొట్టెయ్యండి. సర్వర్ ఎన్నాళ్లుగా నడుస్తోందో బయటివాళ్లు లెక్కేస్తారని పాతకాలం సలహా అది, 4.10 కెర్నెల్ నుంచి ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో రాండమ్ ఆఫ్‌సెట్ ఇస్తున్నారు, ఆ భయం లేదు. ఆపితే వేగంగా నడిచే కనెక్షన్లలో పాత ప్యాకెట్‌ని గుర్తుపట్టే రక్షణ పోతుంది.

అసలు జాగ్రత్త పడాల్సినవి ఒకసారి వేస్తే రీబూట్ దాకా తియ్యలేని తాళాలు. మాడ్యూల్స్_డిజేబుల్డ్ 1 పెడితే ఇక ఏ మాడ్యూలూ (డ్రైవర్ లాంటి కెర్నెల్ ముక్క) ఎక్కదు. దాన్ని సిస్‌సీటీఎల్ ఫైల్లో పెడితే బూట్ మొదట్లోనే పడిపోతుంది, ఆ తర్వాత డాకర్ అడిగే ఐపీటేబుల్స్ మాడ్యూళ్లు, బ్యాకప్ కోసం తగిలించే డిస్క్, ఒక్కోసారి యూఎస్‌బీ కీబోర్డ్ కూడా పనిచెయ్యవు. కెక్సెక్_లోడ్_డిజేబుల్డ్ కూడా అంతే, కేడంప్ (క్రాష్ అయినప్పుడు మెమరీని రాసి పెట్టేది) లోడ్ అవ్వకముందే పడితే సర్వర్ క్రాష్ అయినప్పుడు డంప్ మిగలదు. పీట్రేస్_స్కోప్ 3 పెడితే మీరే రూట్ అయినా ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ ఏం చేస్తోందో చూసే టూల్) పెట్టలేరు. అన్‌ప్రివిలేజ్డ్_బీపీఎఫ్ 1 కూడా వెనక్కి రాదు, 2 అయితే అడ్మిన్ మార్చుకోవచ్చు, అందుకే 2 చాలు. ఇలాంటివి కావాలనుకుంటే అన్ని సర్వీసులూ లేచాక చివర్లో నడిచే ఒక చిన్న సిస్టమ్‌డీ యూనిట్‌తో వెయ్యండి.

ఫైలు పేరు కూడా చూసుకోండి. సిస్‌సీటీఎల్.డీ ఫోల్డర్‌లో పేర్ల వరసలో చదువుతుంది, ఒకే సెట్టింగ్ రెండు ఫైళ్లలో ఉంటే చివర చదివిందే నిలుస్తుంది. పది పది లైన్లుగా పెట్టి, ప్రతి పదికీ ఒకసారి రీబూట్ చెయ్యండి. నలభై ఒకేసారి పెడితే ఏది కొట్టిందో వెతకడానికే రోజు పోతుంది.

డాబాగార్డెన్స్_నెట్:

పైన చెప్పినవన్నీ నిజమే కానీ నేను ఒక మాట గట్టిగా అంటాను, వరస తప్పింది. అసలు ఆ సర్వర్ కెర్నెల్ చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయింది? అప్‌డేట్ పడినా రీబూట్ అవ్వకపోతే పాత కెర్నెలే నడుస్తుంటుంది. యూనేమ్ -ఆర్ కొట్టి, డిస్క్ మీద ఉన్న కొత్తదానితో పోల్చి చూడండి. లోడింగ్ ఆపొద్దన్నారు అని రాశావు, ఆ మాట ఎన్ని నెలలుగా నడుస్తోందో నాకు తెలుసు బాబూ, మన ఊళ్లో పోర్టు పని చేసే ప్రతి ఆఫీసులోనూ అదే మాట.

2016లో డర్టీ కౌ, 2022లో డర్టీ పైప్ అని కెర్నెల్ లోపాలు బయటపడ్డాయి, రెండిట్లోనూ మామూలు లాగిన్ ఉన్నవాడు రూట్ అయిపోయాడు, నీ నలభై లైన్లలో ఏదీ వాటిని ఆపేది కాదు. కొత్త కెర్నెల్ ఒక్కటే మందు. ఎన్‌ఎఫ్_టేబుల్స్‌లో (కెర్నెల్ ఫైర్‌వాల్ భాగం) వచ్చిన సీవీఈ-2024-1086 విషయంలో మాత్రం ఒక సెట్టింగ్ పనికొచ్చింది, మామూలు యూజర్లకి యూజర్ నేమ్‌స్పేస్ (మామూలు యూజర్ తన విడి లోకంలో రూట్‌లా నడిచే సదుపాయం) అందకుండా చెయ్యడం. ఉబుంటులో దానికి అన్‌ప్రివిలేజ్డ్_యూజర్ఎన్‌ఎస్_క్లోన్ అని ఉంది, 0 పెట్టు. రూట్ కింద నడిచే మామూలు డాకర్‌కి దానితో ఇబ్బంది లేదు, రూట్‌లెస్, అంటే మామూలు యూజర్ కింద నడిచే డాకర్, వాడుతుంటే మాత్రం పెట్టొద్దు.

బూట్ లైన్‌లో మిటిగేషన్స్=ఆఫ్ అని ఎవరైనా స్పీడ్ కోసం పెట్టి వదిలేశారేమో చూడు. /ప్రాక్/సీఎండీలైన్ ఫైల్లో కనబడుతుంది. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడ్డాక పెట్టిన రక్షణలన్నీ ఆ ఒక్క మాటతో పోతాయి. పాత సర్వర్ అమ్మిన వెండర్లు ఇలా చేసి ఇచ్చినవి నేను చూశాను.

లాగులు (సర్వర్‌లో జరిగింది రాసుకునే రికార్డులు) కూడా ఆ మెషీన్ మీదే ఉంచకు. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28 ఆదేశాల్లో లాగులు 180 రోజులు ఉంచాలనీ, సంఘటన జరిగితే తెలిసిన 6 గంటల్లో చెప్పాలనీ ఉంది. రూట్ అయినవాడు మొదట చెరిపేది లాగులే, అందుకని ఆల్మా సర్వర్‌కి పంపించు.

ఆటోనగర్_అడ్మిన్:

ఉక్కునగరం గారూ, ఆర్‌పీ_ఫిల్టర్ 2 చెయ్యగానే లైన్ వచ్చేసిందండీ, చాలా చాలా థ్యాంక్స్. మూడు రోజులుగా ఆ నెట్ కంపెనీవాళ్లతో ఫోన్‌లో గొడవపడుతున్నాను, తప్పు వాళ్లది కాదని ఇప్పుడు తెలిసింది, రేపు ఫోన్ చేసి చెప్తాను.

డాబాగార్డెన్స్ అన్నా, యూనేమ్ చూశాను. కొత్త కెర్నెల్ డిస్క్ మీద ఉంది. మంగళవారం కరెంటు పోయి రీబూట్ అయ్యింది కాబట్టి ఇప్పుడు కొత్తదే నడుస్తోంది, కానీ దానికి ముందు ఐదు నెలలు పాతదే నడిచిందని లాగ్‌లో కనబడింది. ఇది మా మేనేజరు గారికి చూపించాను. నెలకో ఆదివారం ఉదయం రెండు గంటలు ఇస్తామన్నారు.

సెక్యూర్ బూట్ గురించి ఎవరైనా చెప్పరూ. సర్వర్‌కి రిమోట్ మేనేజ్‌మెంట్ పోర్ట్ కూడా ఉంది, నెట్‌వర్క్ స్విచ్‌కి తగిలించి ఉంది, దాన్ని ఎవరూ ఎప్పుడూ తెరవలేదు.

కంచరపాలెం_రూట్:

ఆ చివరి వాక్యం చదివి ఆగిపోయాను. ముందు దాని సంగతి చూడండి, సెక్యూర్ బూట్ తర్వాత.

ఆ రిమోట్ మేనేజ్‌మెంట్ పోర్ట్ అంటే సర్వర్ లోపల ఇంకో చిన్న కంప్యూటర్. సర్వర్ ఆపి ఉన్నా అది నడుస్తూనే ఉంటుంది. అందులోకి పోయినవాడికి స్క్రీన్, కీబోర్డ్, పవర్ బటన్ అన్నీ చేతికొస్తాయి, ఒక ఐఎస్‌ఓ (డిస్క్ నకలు ఫైలు) తగిలించి దాన్నుంచి బూట్ చెయ్యొచ్చు. అంటే గదికి వేసిన తాళానికి అర్థం లేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ అలాగే ఉంటే ఈరోజే మార్చండి. ఇలాంటి పోర్ట్‌లు మాట్లాడే ఐపీఎంఐ 2.0 ప్రోటోకాల్‌లోనే ఒక లోపం ఉంది, యూజర్‌నేమ్ తెలిస్తే చాలు, లాగిన్ పూర్తవ్వకముందే ఆ యూజర్ పాస్‌వర్డ్ హ్యాష్‌ని అవతలివాడికి ఇచ్చేస్తుంది. అందుకని పొడుగాటి పాస్‌వర్డ్, నెట్‌వర్క్ మీద ఐపీఎంఐ వాడకపోతే ఆఫ్, ఆ పోర్ట్‌ని వేరే వీల్యాన్‌లో (స్విచ్‌లోనే విడదీసిన నెట్‌వర్క్) పెట్టి వీపీఎన్ ద్వారా మాత్రమే అందేలా చెయ్యండి. సరిగ్గా పెట్టుకుంటే మాత్రం అది మీకు వరం. వాన రాత్రి మధురవాడలో ఇంట్లోనే కూర్చుని ఆ నల్ల స్క్రీన్ చూసేవాళ్లు, బండి తియ్యాల్సిన పని ఉండేది కాదు.

ఇక సెక్యూర్ బూట్. మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్ ముందు షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ సంతకం చూస్తుంది, అది మైక్రోసాఫ్ట్ కీతో సంతకం చేసింది. షిమ్ గ్రబ్‌ని చూస్తుంది, ఆ తర్వాత కెర్నెల్ సంతకం సరిచూస్తారు. ఉబుంటు మామూలు కెర్నెల్‌కి ఇవన్నీ ముందే ఉన్నాయి, ఆన్ చేస్తే లేస్తుంది. ఆన్ అయ్యాక కెర్నెల్ లాక్‌డౌన్ కూడా ఇంటెగ్రిటీ స్థాయిలో దానంతటదే పడుతుంది. ఇది 2019లో 5.4 కెర్నెల్‌లో వచ్చింది. రూట్ అయినవాడు కూడా నడుస్తున్న కెర్నెల్‌ని మార్చలేకుండా, సంతకం లేని మాడ్యూళ్లు ఎక్కకుండా, /డెవ్/మెమ్‌లో (మెమరీని నేరుగా ముట్టుకునే ఫైలు) రాయకుండా ఆపుతుంది. మన సర్వర్లో ఎవడైనా రూట్‌కిట్ (కనబడకుండా దాక్కునే దొంగ సాఫ్ట్‌వేర్) మాడ్యూల్ ఎక్కించాలన్నా ఇక్కడ ఆగుతాడు, నా దృష్టిలో ఆ నలభై లైన్లూ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు.

ఆగిపోయేది ఏంటంటే, బయటి నుంచి తెచ్చి కంపైల్ చేసిన మాడ్యూళ్లు. రెయిడ్ కార్డ్ వెండర్ ఇచ్చిన డ్రైవర్, డీకేఎంఎస్‌తో (కొత్త కెర్నెల్‌కి డ్రైవర్లని మళ్లీ కంపైల్ చేసే టూల్) కట్టినవి. ముందే డీకేఎంఎస్ స్టేటస్ కొట్టి చూడండి. ఏదైనా ఉంటే మీ సొంత కీ తయారు చేసి మోక్‌యుటిల్‌తో (సెక్యూర్ బూట్ కీలు చూసుకునే టూల్) ఇంపోర్ట్ చెయ్యాలి, తర్వాతి రీబూట్‌లో నీలం స్క్రీన్ వస్తుంది, పది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కకపోతే కీ చేరకుండానే బూట్ అయిపోతుంది. డిస్క్‌లు కనబడేది ఆ డ్రైవర్ వల్లే అయితే సర్వర్ లేవదు. కాబట్టి అక్కడే నిలబడి చెయ్యండి, లేదా ఆ రిమోట్ కన్సోల్ తెరిచి పెట్టుకుని చెయ్యండి.

సెక్యూర్ బూట్ ఉంది కదా అని గ్రబ్ పాస్‌వర్డ్ తీసెయ్యొద్దు. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌కీ, కెర్నెల్ కమాండ్ లైన్‌కీ, గ్రబ్.సీఎఫ్‌జీకీ మామూలు సెటప్‌లో సంతకం ఉండదు. 2020 జూలైలో బూట్‌హోల్ అని వచ్చింది, సీవీఈ-2020-10713, గ్రబ్ ఆ సీఎఫ్‌జీ ఫైల్ని చదివే చోట బఫర్ ఓవర్‌ఫ్లో, దాంతో సెక్యూర్ బూట్ మొత్తం పక్కకి పోయింది. దానికి సవరణ వచ్చినప్పుడు కొన్ని డిస్ట్రిబ్యూషన్లలో మెషీన్లు అసలు లేవనే లేదు. అందుకని షిమ్, గ్రబ్ అప్‌డేట్లని ఆటోమేటిక్‌గా వదిలేసి అర్ధరాత్రి రీబూట్ పెట్టొద్దు, ఆల్మాలో వారం ముందే పెట్టి చూసుకుని, ఉబుంటులో మీ ఆదివారం రెండు గంటల్లోనే పెట్టుకోండి.

ఆడిటర్ డిస్క్ ఎన్‌క్రిప్షన్ కూడా అడుగుతాడు, అడగకపోతే ఆశ్చర్యపోతాను. లక్స్ (లినక్స్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్) పెడితే మళ్లీ అదే సమస్య, బూట్‌లో పాస్‌వర్డ్. మీకు నేను టాంగ్ (డిస్క్ తెరవడానికి సాయపడే సర్వర్ ప్రోగ్రామ్), క్లెవిస్ (ఇటునుంచి దాన్ని అడిగేది) జంట చెప్తాను. మీ ఇంకో ఆఫీసులో ఎక్కడైనా ఒక చిన్న మెషీన్ మీద టాంగ్ నడపండి, గాజువాక సర్వర్ లేచేటప్పుడు వీపీఎన్ రూటర్ ద్వారా దాన్ని అడిగి డిస్క్ తెరుచుకుంటుంది. ఎవడైనా సర్వర్ ఎత్తుకుపోతే వాడి ఇంట్లో అది తెరుచుకోదు. టీపీఎమ్ చిప్‌కి (బోర్డు మీద కీలు దాచే చిప్) కడితే మనిషి అక్కర్లేదు కానీ సర్వర్ ఎత్తుకుపోయినా అక్కడా బూట్ అవుతుంది, పైగా ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అయినప్పుడు కొలతలు మారి పాస్‌వర్డ్ అడగొచ్చు. ఏది పెట్టినా రికవరీ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఆఫీసు బీరువాలో సీల్ చేసి పెట్టండి. టాంగ్ ఉన్న ఆఫీసులో కూడా అదే తుపానుకి కరెంటు పోవచ్చు.

సీతమ్మధార_యునిక్స్:

కంచరపాలెం చెప్పినదానికి ఒక చిన్న ముక్క. సముద్రం గాలికి మన ఊళ్లో బోర్డులు త్వరగా తుప్పు పడతాయి, సీమాస్ బ్యాటరీ (బయోస్ సెట్టింగులూ తేదీ నిలిపేది) కాంటాక్ట్ కూడా. కొన్ని బోర్డుల్లో బ్యాటరీ పోతే బయోస్ సెట్టింగులు ఫ్యాక్టరీ స్థితికి పోతాయి, పెన్‌డ్రైవ్ బూట్ మళ్లీ ఆన్ అవుతుంది, తేదీ వెనక్కి పోయి సర్టిఫికెట్లన్నీ చెల్లనివి అవుతాయి. పెద్ద కరెంటు కోత తర్వాత తేదీ, మోక్‌యుటిల్‌తో సెక్యూర్ బూట్ స్థితి ఈ రెండూ చూసుకో తమ్ముడూ. బ్యాటరీ ఖర్చు కూడా ఎంతో కాదు.

ఆటోనగర్_అడ్మిన్:

నిన్న ఆదివారం గదిలోనే కూర్చుని చేశాను, చేసింది చేసినట్టు రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

మేనేజ్‌మెంట్ పోర్ట్ పాస్‌వర్డ్ ఫ్యాక్టరీదే ఉంది. మార్చి, వేరే వీల్యాన్‌లో పెట్టి, ఐపీఎంఐ ఆఫ్ చేశాను. 10_లినక్స్‌లో అన్‌రెస్ట్రిక్టెడ్ పెట్టి, 40_కస్టమ్‌కి 700 ఇచ్చి, మామూలుగా మూడుసార్లు రీబూట్ చేశాను, మూడుసార్లూ ఏమీ అడక్కుండా లేచింది. 'ఈ' నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. సిస్‌సీటీఎల్ పది పదిగా పెట్టాను, మొత్తం ఇరవై ఆరు నిలిచాయి. ఐపీ_ఫార్వర్డ్, ఆర్‌పీ_ఫిల్టర్, టైమ్‌స్టాంప్స్, సిస్‌ఆర్‌క్యూ నాలుగింటికీ పక్కన కారణం రాసి ఆడిట్ పట్టికలో పెట్టాను. మాడ్యూల్స్_డిజేబుల్డ్ జాబితాలో ఉంది కానీ ముట్టుకోలేదు. సెక్యూర్ బూట్ ఆన్ చేశాక లాక్‌డౌన్ ఫైల్లో ఇంటెగ్రిటీ అని కనబడింది, డీకేఎంఎస్ మాడ్యూళ్లు మాకు లేవు కాబట్టి ఇబ్బంది రాలేదు.

ఆఖర్న సీతమ్మధార అన్నయ్య చెప్పిన పరీక్ష. డేటాబేసు ఆపి, బ్యాకప్ తీసి, సర్వర్‌ని షట్‌డౌన్ చేసి, రెండు పవర్ తీగలూ లాగేశాం. బయోస్‌లో కరెంటు వస్తే దానంతటదే ఆన్ అవ్వాలనే ఆప్షన్ 'లాస్ట్ స్టేట్' అని ఉంది, అంటే ఆపి ఉంటే ఆగే ఉంటుంది. తీగలు లాగకముందే దాన్ని 'ఆల్వేస్ ఆన్' చేశాను. తీగలు మళ్లీ పెట్టి, వాచ్‌మనూ నేనూ ఇద్దరం బయట నిలబడి ఫోన్‌లో చూశాం. ఆరు నిమిషాల ఇరవై సెకన్లకి రెండు లైన్ల మీదా ట్రాకింగ్ పేజీ తెరుచుకుంది.

లక్స్, టాంగ్ వచ్చే నెల ఆదివారానికి పెట్టుకున్నాం. కంచరపాలెం గారూ, ద్వారకానగర్‌లో మా బ్రాంచి ఉంది, అక్కడ పాత చిన్న పీసీ ఒకటి ఖాళీగా ఉంది. టాంగ్‌కి 4 జీబీ ర్యామ్ సరిపోతుందా?

కంచరపాలెం_రూట్:

ఎక్కువే అది. టాంగ్ ఏ డేటా దాచుకోదు, దాని కీలు తప్ప. ఆ కీలున్న ఫోల్డర్‌ని మాత్రం బ్యాకప్ తీసి పెట్టుకోండి, ఆ పాత పీసీ డిస్క్ పోయినప్పుడు అవే కావాలి. ఆ బ్యాకప్ గాజువాక సర్వర్ల మీద పెట్టొద్దు.